కరెంటు పెట్టిన చోట చర్మం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ చేయించుకున్నవారు, వారి ఇంటివారు చర్మ బాధల గురించి రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. మన వైపు దీన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు కనుక ఉత్తరాలలోని ఆ మాటను అలాగే ఉంచాను. నిజానికి ఒంటికి విద్యుత్తు తగిలేదేమీ ఉండదు, వాడేది శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలను. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ‘కరెంటు కాల్చేసింది’ అన్న భయం చాలామందిలో ఆ మాటలోంచే పుడుతోంది.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 52. కిరాణా కొట్టు నడుపుతాను. ఎడమ రొమ్ములో గడ్డ తీశాక కీమో ఇచ్చి, తర్వాత హైదరాబాదులో 15 సిట్టింగుల కరెంటు, గడ్డ తీసిన చోట మరో 5 పెట్టారు. ఆఖరి రోజు దాకా కొంచెం నలుపు, దురద తప్ప ఏమీ లేదు. ఇంటికి వచ్చిన ఆరో రోజు నుంచి రొమ్ము కింది మడతలోను, చంకలోను పొర ఊడి రసి కారుతోంది. జాకెట్టు వేసుకోలేక కొట్టులో కూర్చోవడం మానేశాను. నాకు మందు ఎక్కువ పెట్టారా? మా కోడలికి తప్ప ఎవరికీ చూపించలేదు. – ఖమ్మం జిల్లా పాఠకురాలు

జవాబు: అమ్మా, ఎక్కువ పెట్టారని అనుకోవడానికి మీరు రాసినదాంట్లో ఏ ఆధారమూ లేదు. వైద్యం నడుస్తున్నప్పటి కంటే అయిపోయిన తర్వాతి ఒకటి రెండు వారాల్లోనే చర్మం ఎక్కువగా బాధ పెట్టడం ఈ చికిత్సలో మామూలుగా జరిగేదే. ఈ మాట మీరు ఇంటికి బయలుదేరిన రోజునే ఎవరో ఒకరు చెప్పి ఉండవలసింది. చెప్పకపోవడం మా వృత్తిలోని లోపమే కాని మీ ఒంట్లోని లోపం కాదు.

ఎందుకిలా జరుగుతుందో మీ కొట్టు లెక్కలోనే చెబుతాను. మన చర్మం పైపొర రోజూ కొద్దికొద్దిగా రాలిపోతుంటే, అడుగు వరసలోని కణాలు చీలి కొత్తవి పుట్టి, సుమారు నాలుగు వారాల్లో పైకి చేరి ఆ ఖాళీని పూడుస్తుంటాయి. కిరణాలు ముఖ్యంగా దెబ్బ తీసేది చీలుతూ ఉండే కణాలను కాబట్టి క్యాన్సర్ కణాలతో పాటు ఈ అడుగు వరస కూడా దెబ్బ తింటుంది. అరల్లోని సరుకు ఎప్పటిలాగే అమ్ముడవుతూ ఉంటుంది, హోల్‌సేల్ నుంచి రావలసిన బండి మాత్రం ఆగిపోతుంది. అరలు ఖాళీగా కనిపించేది బండి ఆగిన రోజున కాదు కదా, రెండు మూడు వారాలు గడిచాక. మీకు ఇప్పుడు కనిపిస్తున్నది ఆ ఖాళీయే. బండి మళ్లీ బయలుదేరుతుంది కూడా. చాలామందిలో ఆఖరి సిట్టింగు తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలలో కొత్త చర్మం కప్పుకుంటుంది, షుగరు ఉన్నవారిలో మాత్రం ఇంకొంచెం ఆలస్యం కావచ్చు.

మడతలోను, చంకలోను మాత్రమే ఎందుకు ఊడిందన్నది మరో సంగతి. సాధారణంగా వాడే 6 మెగావోల్టుల కిరణాలు తమ పూర్తి బలాన్ని చర్మం మీద కాక లోపల సుమారు ఒకటిన్నర సెంటీమీటరు లోతున చూపిస్తాయి, అందువల్ల పైచర్మం కొంత తప్పించుకుంటుంది. కాని మడతలో చర్మం మీద చర్మం వాలి ఉండటంతో ఆ తప్పించుకునే వీలు పోతుంది. దానికి తోడు చెమట, ఒరిపిడి, గాలి ఆడకపోవడం ఉంటాయి. రొమ్ములు పెద్దవిగా, బరువుగా ఉన్నవారికి ఈ బాధ ఎక్కువగా వచ్చేది ఇందుకే.

ఇప్పుడు చేయవలసిన మొదటి పని, మీకు వైద్యం చేసిన రేడియేషన్ విభాగానికి ఫోన్ చేసి, తదుపరి తేదీ దాకా ఆగకుండా ముందే చూపించుకోవడం. అంతదూరం వెంటనే వెళ్లలేకపోతే దగ్గరలోని సర్జనుకో, చర్మ వైద్యులకో చూపించి, అక్కడ ఏం రాశారో మీ విభాగానికి తెలియజేయండి. ఈలోగా రోజుకు ఒకటి రెండుసార్లు గోరువెచ్చని నీళ్లతోగాని, మెడికల్ షాపులో దొరికే సెలైన్‌తోగాని ఆ చోటును ధారగా కడగండి. రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. రసి కారే చోట అంటుకోని రకం డ్రెస్సింగు అడిగి తెప్పించుకోండి. మామూలు దూది, గాజుగుడ్డ పెడితే ఆరిపోయి అతుక్కుంటాయి. అలా అతుక్కున్నదాన్ని ఎప్పుడూ పీకకండి. సెలైన్‌తో తడిపి ఐదు, పది నిమిషాలు అలాగే ఉంచితే దానంతట అదే వదులుతుంది. డ్రెస్సింగు నిలవడానికి కరెంటు పెట్టిన చర్మం మీద ప్లాస్టరు అంటించవద్దు. ప్లాస్టరుతో పాటు పొర కూడా ఊడి వస్తుంది. పైన ఒక వదులు నూలు బనియను వేసుకుంటే డ్రెస్సింగు కదలకుండా ఉంటుంది.

ఇంట్లో ఉన్నంతసేపు లోదుస్తులు మానేసి, బాగా ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ముక్కను మడిచి రొమ్ము కింద పెట్టుకోండి, తడిసినప్పుడల్లా మార్చండి. వెల్లకిలా పడుకుని, చెయ్యి కింద దిండు పెట్టుకుని చంకను తెరిచి ఉంచితే అక్కడికి కాస్త గాలి తగులుతుంది. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, రసి చిక్కబడి చీములా మారి వాసన వచ్చినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, చుట్టూ చర్మం వేడెక్కి వాపు పాకుతున్నా అది కేవలం రేడియేషన్ పని కాదు, సూక్ష్మక్రిములు చేరినట్టు. అప్పుడు మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

‘కోడలికి తప్ప ఎవరికీ చూపించలేదు’ అన్నారు. ఆ వాక్యం దగ్గర కొంచెం ఆగాలి. కరెంటు బల్ల మీద పడుకున్న నిమిషాల్లో తప్ప మిగతా సమయమంతా పైట నిండుగా కప్పుకుని, అడిగితే ‘బాగానే ఉందండీ’ అనేసి వెళ్లిపోయే అమ్మలను నేను రోజూ చూస్తున్నాను. టెక్నీషియను చూపు కిరణాల గురి కోసం ఒంటి మీద గీసిన గీతల మీద ఉంటుంది, మడత కింద ఏమవుతోందన్నది ఆయన కంట పడకపోవచ్చు. పైగా మన చామనఛాయ, నలుపు ఒళ్ల మీద ఎరుపు ఎర్రగా కనిపించదు. తొలి దెబ్బ కమిలినట్టు నల్లబడటంగానో, ఆ చోట ముట్టుకుంటే వేడిగా ఉండటంగానో, బిగుసుకున్నట్టు అనిపించడంగానో తెలుస్తుంది. చర్మం ఎంత దెబ్బ తిన్నదో అంచనా కట్టే పాఠాలు చాలావరకు తెల్లతోలు మీది ఎరుపును చూసి రాసినవి కాబట్టి, మాలో అనుభవం ఉన్నవారు కూడా మన ఆడవాళ్ల విషయంలో ఆలస్యంగా గుర్తిస్తుంటాం. మగ డాక్టరుకు చూపించడానికి సిగ్గనిపిస్తే వారానికి ఒక్కసారి సిస్టరును పక్క గదిలోకి రమ్మని అడగండి. అలా అడిగితే విసుక్కునే సిస్టరును నేనింతవరకు చూడలేదు.

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు. ఏడో సిట్టింగు నడుస్తోంది. వచ్చిన చుట్టాలందరూ పసుపు ముద్ద వేయమని ఒకరు, కలబంద గుజ్జని ఒకరు, కొబ్బరినూనె అని ఒకరు చెబుతున్నారు. చీము పడుతుందని పప్పు, దురద వస్తుందని వంకాయ మాన్పించారు. మెడికల్ షాపు అతను దురదకు ఒక ట్యూబు ఇచ్చాడు. ఆవిడకు చుట్ట అలవాటు కూడా ఉంది. ఏది వినాలో తెలియడం లేదు. – విజయనగరం జిల్లా పాఠకురాలు

జవాబు: అన్నిటికంటే ముందు ఆ ట్యూబు సంగతి చూడండి. మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా దురదకని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో బలమైన స్టీరాయిడు, ఫంగసు మందు, యాంటీబయాటిక్కు మూడూ కలిపి ఉంటాయి. క్లోబెటసాల్ వంటి ఆ స్టీరాయిడును ఇష్టానుసారం రాస్తే చర్మం పలుచబడుతుంది, దాని చాటున ఫంగసు పెరుగుతుంది. విచిత్రమేమిటంటే స్టీరాయిడు క్రీమే ఈ బాధకు మా దగ్గరున్న మంచి మందుల్లో ఒకటి. మొమెటసోన్ అనే క్రీమును కరెంటు మొదలైన నాటి నుంచి రోజుకు ఒకసారి పలుచగా రాస్తే చర్మం దెబ్బతినే తీవ్రత తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఏ స్టీరాయిడు, ఎంత, ఎన్నాళ్లు అన్నది చూసిన డాక్టరు తేల్చాలి. అది పొర ఊడిన పచ్చిచోట రాసేది కూడా కాదు. షాపు ట్యూబును పక్కన పెట్టి, రేపటి సిట్టింగుకు వెళ్లినప్పుడు దాన్ని కూడా వెంట తీసుకెళ్లి చూపించండి.

పసుపు విషయంలో పెద్దవాళ్లను ఎగతాళి చేయడం నాకిష్టం లేదు. పసుపు, గంధపు నూనె కలిపి తయారు చేసిన క్రీము మీద మంగళూరులో తల, మెడ క్యాన్సర్ రోగులతో ఒక చిన్న అధ్యయనం కూడా జరిగింది. అయితే శుభ్రంగా తయారైన క్రీము వేరు, వంటింటి డబ్బాలోంచి తీసి నీళ్లతో నూరిన ముద్ద వేరు. ముద్ద ఆరాక గట్టిపడి పెచ్చు కడుతుంది. దాన్ని వదిలించడానికి రుద్దాలి, ఆ రుద్దడంలోనే పొర పోతుంది. కిరణాలకు గురి చూపే గీతలు పసుపు కింద మునిగిపోతాయి. పచ్చిగా ఉన్న చోట అందులోని మలినాలు చేరతాయి. కలబంద వల్ల కలిగే చల్లదనం నిజమే కాని చర్మం ఊడకుండా అది కాపాడుతుందని పరీక్షల్లో తేలలేదు, కొందరికి దానితోనే దురద వస్తుంది. కొబ్బరినూనెకు నా అభ్యంతరం తక్కువ. చర్మం ఊడనంతవరకు, సిట్టింగు అయ్యాక పలుచగా రాసి ఇంకిపోనివ్వవచ్చు. కరెంటు పెట్టించుకోవడానికి వెళ్లే ముందు ఏ నూనె, ఏ క్రీము అయినా దట్టంగా పూస్తే ఆ పూత వల్ల చర్మం మీద డోసు పెరుగుతుంది. సువాసన లేని మామూలు మాయిశ్చరైజరు రోజుకు రెండుసార్లు రాసుకున్నా చాలు. మీ అత్తగారి చర్మానికి ఇప్పుడు కావలసింది ఎవరో ఏదో రాయడం కంటే, అందరూ రాయడం మానడం.

పప్పు మాన్పించిన చుట్టాన్ని మాత్రం నేను క్షమించలేను. చీముకూ పప్పుకూ ఏ సంబంధమూ లేదు. కొత్త చర్మం కట్టుకోవడానికి మాంసకృత్తులు కావాలి, 67 ఏళ్ల మనిషికి అవి అందే దారులు పప్పు, గుడ్డు, పెరుగు, చేప. వంకాయ ఆవిడకు ఇష్టమైతే పెట్టండి. చుట్ట మాత్రం మానాలి, అది చర్మానికి రక్తం అందకుండా చేసి మానడాన్ని ఆలస్యం చేస్తుంది. మీ వైపు పెద్దావిడలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తారు, మా ఓపీలో ‘పొగ తాగుతారా?’ అని అడిగితే సిగరెట్టు అనుకుని ‘లేదు’ అంటారు. మీరే డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: మా ఆవిడకు 25 సిట్టింగులు రాశారు. ఒంటి మీద మార్కరుతో గీతలు గీసి ‘ఇవి చెరిగిపోకూడదు’ అన్నారు. అప్పటి నుంచి ఆమె పది రోజులుగా ఒంటికి స్నానం చేయడం లేదు, తడిగుడ్డతో తుడుచుకుంటోంది. ఈ ఎండలకు చెమట కాయలు వస్తున్నాయి. నల్లపూసలు తీయమంటే తీయదు. ఏం చేయాలి? – విజయవాడ పాఠకుడు

జవాబు: స్నానం చేయవచ్చు, చేయాలి కూడా. మెత్తటి సబ్బుతో కడుక్కోవడం వల్ల చర్మం మరింత దెబ్బ తినదని పరీక్షలు చెబుతున్నాయి. కడగకుండా చెమటతో, జిడ్డుతో ఉంచితేనే నష్టం. మనవాళ్లలో చాలామంది ‘గీత చెరగకూడదు’ అన్న మాటను ‘నీళ్లు తగలకూడదు’ అని అర్థం చేసుకుంటారు. గోరువెచ్చని లేదా మామూలు చన్నీళ్లను భుజం మీద నుంచి చెంబుతో పోయాలి. సబ్బును అరచేతిలో నురగ చేసి ఆ నురగతో మాత్రమే తడమాలి. పీచు, సున్నిపిండి, రాయి ఏవీ ఆ పక్కకు రాకూడదు. తువ్వాలుతో తుడవకుండా అద్దాలి. గీత పలుచబడితే ఇంట్లో స్కెచ్ పెన్నుతో మీరు దిద్దకండి, మర్నాడు వాళ్లే దిద్దుతారు. కొన్ని ఆసుపత్రుల్లో గీతలకు బదులు పచ్చబొట్టులా చిన్న చుక్కలు పెడతారు, అడిగి చూడండి.

చెమట కాయలని మీరు రాసినవి నిజంగా చెమట కాయలేనా అన్నది చూడాలి. రొమ్ము కింది మడతలో తెల్లటి పొరతో, చుట్టూ చిన్న చిన్న గింజలతో, విపరీతమైన దురదతో ఉంటే అది ఫంగసు కావచ్చు. వేసవిలో మన ప్రాంతంలో ఇది చాలా మామూలు, దానికి వేరే క్రీము ఉంది. చల్లదనానికని చెమట పొడి చల్లకండి. అది చెమటతో కలిసి మడతలో ఉండలు కట్టి ఇసుకలా ఒరుసుకుంటుంది. ఐసు గడ్డలు కూడా పెట్టవద్దు. చంకలో వెంట్రుకలు రేజరుతో తీయకూడదు, తప్పదనుకుంటే ట్రిమ్మరుతో కత్తిరించుకోవచ్చు. గంజి పెట్టిన రవికలు ఈ రెండు నెలలు బీరువాలోనే ఉండనివ్వండి. హుక్కులు ముందుకు వచ్చే వదులు నూలు నైటీయో, మీ చొక్కానో వేసుకుంటే ఆసుపత్రిలో విప్పుకోవడం కూడా సులువు.

నల్లపూసల సంగతి చర్మం ఒక్కదానితో తేలేది కాదు. మెడ మొదట్లో కూడా కరెంటు పెడుతుంటే ఆ గొలుసు సరిగ్గా ఆ చోటే రోజంతా ఒరుసుకుంటుంది. కిరణాల బల్ల మీద ఎలాగూ తీయవలసిందే. తీయనని పట్టు పట్టేవారికి నేను చెప్పేది ఒకటే, మెత్తటి పసుపు తాడుకు మార్చుకోండి లేదా వైద్యం అయ్యేదాకా చేతికి కట్టుకోండి. ఆపరేషను జరగని వైపు చేతికి సుమా. చాలామంది దీనికి ఒప్పుకున్నారు.

ప్రశ్న: నాకు రొమ్ము మొత్తం తీసేసి కరెంటు పెట్టి రెండేళ్లయింది. అప్పుడు ఊడిన చర్మం మానిపోయింది. ఇప్పుడు ఆ చోట తోలు అట్టలా గట్టిగా ఉంది, చెయ్యి పైకెత్తితే లాగుతోంది. సన్నని ఎర్ర దారాల్లాంటి నరాలు పైకి కనిపిస్తున్నాయి. జబ్బు మళ్లీ వచ్చిందేమోనని నిద్ర పట్టడం లేదు. – నెల్లూరు పాఠకురాలు

జవాబు: మీరు రాసిన రెండూ రేడియేషన్ తర్వాత నెలలకో, ఏళ్లకో వచ్చే మార్పులే. లోపలి కణజాలం మచ్చ కట్టినట్టు బిగుసుకోవడం మొదటిది, పైపైనున్న సన్నని రక్తనాళాలు వెడల్పై కనిపించడం రెండోది. రొమ్ము తీసేసినవారిలో ఆ పక్క ఛాతీ చర్మానికి కూడా కిరణాల బలం చేరాలని కొందరికి బోలస్ అనే జెల్లీ పలకను పైన పరిచి పెడతారు. అలాంటప్పుడు ఈ మార్పులు ఇంకొంచెం ఎక్కువ. ఆ ఎర్ర దారాలు ప్రమాదం కావు, చూడటానికి ఇబ్బందిగా ఉంటే చర్మ వైద్యులు లేజరుతో తగ్గించగలరు.

బిగుసుకుపోవడానికి మందు కంటే కదలిక ముఖ్యం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించే వ్యాయామం రోజుకు రెండు పూటలా చేయండి, ఫిజియోథెరపిస్టు వద్ద ఒకసారి నేర్చుకుంటే చాలు. మాయిశ్చరైజరు రాసి, మానిన చర్మాన్ని వేళ్ల కొసలతో అటూ ఇటూ జరుపుతూ మర్దన చేసుకోవచ్చు. పెంటాక్సిఫిల్లిన్ అనే మందును, విటమిన్ ఇని కలిపి నెలల తరబడి ఇస్తే కొందరిలో గట్టిదనం తగ్గుతుంది, ఇది మీ డాక్టరు నిర్ణయించవలసిన విషయం. ఆ చర్మానికి ఎండ పడదు, మెడ కింది భాగాన్ని బయటికి వెళ్లేటప్పుడు పైటతో కప్పుకోండి.

ఇంతా చెప్పి, ఉత్తరం చదివి జబ్బు రాలేదని నేను హామీ ఇవ్వలేను, ఎవరూ ఇవ్వకూడదు. కొత్తగా చేతికి తగిలే గడ్డ, చర్మం మీద విడిగా లేచిన బుడిపె, మానని పుండు, ఊదారంగు మచ్చ, చెయ్యి వాపు కనిపిస్తే తదుపరి చెకప్పు దాకా ఆగవద్దు. కరెంటు పెట్టిన చోట ఏళ్ల తర్వాత వచ్చే ఊదా మచ్చల్లో చాలా అరుదుగా వేరే రకం క్యాన్సర్ ఉంటుంది కనుక అలాంటివాటిని చూపించడం అవసరం. నిద్ర పట్టడం లేదన్నారు కాబట్టి, ఇవేవీ లేకపోయినా ఈ వారమే వెళ్లి చూపించుకోండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. ఇక్కడి స్నేహితురాలికి 5 రోజుల్లో రేడియేషన్ అయిపోయింది, చర్మం మీద ఏదో పలుచని ఫిల్ము కూడా అంటించారు. కాకినాడలో మా అమ్మకు 15 అంటున్నారు. తక్కువ రకం వైద్యమా?

జవాబు: కాదు. 5 వారాల్లో 50 గ్రే (కిరణాల మోతాదును గ్రేలలో కొలుస్తారు) ఇచ్చే పాత పద్ధతి స్థానంలో 3 వారాల్లో 40 గ్రే ఇచ్చే 15 సిట్టింగుల పద్ధతి ప్రపంచమంతటా స్థిరపడింది. పైగా పాతదానికంటే దీంతో చర్మం ఊడటం తక్కువ. ఒక్క వారంలో 26 గ్రేలను 5 సిట్టింగుల్లో ఇచ్చే పద్ధతి మీద బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. అది అందరికీ సరిపోదు, ఎవరికన్నది చంకలోని లింఫు కణుపుల స్థితిని, ఆపరేషను రకాన్ని బట్టి తేలుస్తారు. సిలికాను ఫిల్ము వల్ల చర్మం ఊడటం తగ్గుతుందన్నది నిజమే. ఖర్చు భరించగలిగితే, వైద్యం మొదలు కాకముందే అమ్మ డాక్టరును అడగండి.

ప్రశ్న: కుడి వైపు కరెంటు నడుస్తోంది. ఏడాది మనవడిని ఎత్తుకోవచ్చా? వాడికి ఏమైనా సోకుతుందా? – అనంతపురం పాఠకురాలు

జవాబు: యంత్రం ఆగిన క్షణంలోనే కిరణాలు ఆగిపోతాయి, మీ ఒంట్లో ఏదీ మిగలదు. నిక్షేపంగా ఎత్తుకోండి. వాడి కాళ్లు, గోళ్లు, మొలతాడు కుడి రొమ్ముకు తగలకుండా ఎడమ చంకన ఎత్తుకోండి.